హసీద్ అంటే ఎవరు? "భక్తుడు" అనే మాట ఎంతవరకు సరిపోతుంది?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్పుకుందాం. కీర్తనల్లో మనం "భక్తులు" అని చదివే చోట హీబ్రూలో హసీదీమ్ అని ఉంటుందని మీరు విన్నారు. ఒకరు దానికి "పరిశుద్ధులు" అని అర్థం చెప్పారు, ఇంకొకరు "కృప పొందినవారు" అన్నారు. నల్లకోట్లు, బొచ్చుటోపీలు వేసుకునే యూదుల్ని కూడా హసీదీలనే పిలుస్తున్నారు. ఇందులో ఏది సరి, వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, హసీద్ అంటే హెసెద్ గలవాడు. హెసెద్ అంటే ఒక బంధంలో ఉన్నవాళ్లు అవతలివాడికి అవసరం పడినప్పుడు తప్పించుకోకుండా చేతల్లో చూపించే మేలు. దయ నుంచి దయాళువు, శ్రద్ధ నుంచి శ్రద్ధాళువు వచ్చినట్టే హెసెద్ నుంచి హసీద్ వచ్చింది. తెలుగులో "భక్తుడు" చాలా చోట్ల దగ్గరగానే ఉంటుంది కానీ అర్థంలో సగమే పట్టుకుంటుంది. "పరిశుద్ధుడు" అన్నదానికి హీబ్రూలో వేరే మాట ఉంది. "కృప పొందినవాడు" అనే అర్థం కొన్ని చోట్ల నీడలా వెంట ఉంటుంది, అసలు అర్థం మాత్రం అది కాదు. టోపీలవాళ్లు ఈ పాత మాటనే 18వ శతాబ్దంలో తమ పేరుగా చేసుకున్నారు.

ముందు పలకడం గురించి. హీబ్రూలో నాలుగు అక్షరాలు: హేత్, సామెఖ్, యోద్, దాలెత్. మొదటి అక్షరం హేత్ గొంతు లోపలి నుంచి వస్తుంది. మన "హ" కంటే గరుకుగా, "ఖ" కంటే మెత్తగా ఉంటుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో దాన్ని రెండు అక్షరాలు కలిపి "చ" లాగా కనిపించేట్టు రాస్తారు కాబట్టి మనవాళ్లు కొందరు "చాసిద్" అని చదువుతున్నారు. అది తప్పు. "హసీద్" అనండి, "సీ" మీద ఊనిక పెట్టండి. బహువచనం హసీదీమ్. మూలనామం హెసెద్‌లో మాత్రం ఊనిక మొదటి "హె" మీద పడుతుంది.

హైదరాబాద్ వైపు ఉర్దూ తెలిసినవాళ్లకు ఒక చిక్కు రావచ్చు. ఉర్దూలో, అరబీలో "హసద్" అంటే అసూయ, "హాసిద్" అంటే అసూయపరుడు. అక్షరాలు ఒకేలా ఉన్నాయని ఆ అర్థాన్ని కీర్తనల్లోకి తీసుకురాకండి. హీబ్రూ హసీద్‌లో దీర్ఘం రెండో అక్షరం మీద ఉంటుంది, అరబీ హాసిద్‌లో మొదటి అక్షరం మీద. హీబ్రూలోనూ "హెసెద్" అని పలికే ఇంకో మాట "సిగ్గుచేటు" అనే అర్థంలో రెండు చోట్ల కనిపిస్తుంది (లేవీయకాండము 20:17, సామెతలు 14:34). హసీద్ ఆ మాట నుంచి రాలేదు.

హెసెద్ తెలిస్తేనే హసీద్ తెలుస్తుంది. తెలుగు పాఠకుడికి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. హెసెద్ అనే ఒకే మాట మన పాత తెలుగు బైబిల్లో చోటును బట్టి వేషం మారుస్తుంది. 136వ కీర్తనలో 26 వచనాల్లోనూ పల్లవిలా వచ్చేది "కృప". యోనాతాను కోసం అతని కుటుంబంలో మిగిలినవాడికి దావీదు చేయాలనుకున్నది "ఉపకారము" (2 సమూయేలు 9). రాహాబు వేగులవాళ్లను అడిగిందీ ఉపకారమే. హోషేయ 6:6లో అదే "కనికరము". రూతు 3:10లో బోయజు మెచ్చుకున్నది "సత్‌ప్రవర్తన". నాలుగు తెలుగు మాటల వెనుక హీబ్రూలో ఉన్నది ఒక్కటే. దీనికి తోడు ఆ గుణం ఉన్న మనిషిని "భక్తుడు" అన్నాం. దాంతో ఉపకారానికీ భక్తుడికీ మధ్య ఉన్న పేగుబంధం తెలుగులో కనబడకుండా పోయింది. హీబ్రూ చదివేవాడికి మాత్రం హెసెద్ చేసేవాడే హసీద్ అని చెవికే తెలిసిపోతుంది.

పైన చెప్పిన ఉదాహరణల్ని కొంచెం దగ్గరగా చూడండి. రాహాబు వేగులవాళ్లను దాచింది కాబట్టి రేపు వాళ్లు ఆమె ఇంటిని కాపాడాలి. యోనాతానుతో దావీదుకు ఒడంబడిక ఉంది. యోనాతాను చచ్చిపోయాడు, అడిగేవాడు లేడు, అయినా దావీదు వెతికించి మరీ ఆ కుంటి కొడుకును తన భోజనపు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రూతుకు అత్తను వదిలేసి పోయే దారి ఉంది, పోలేదు. అన్నిటిలోనూ మూడు లక్షణాలు కనిపిస్తాయి. ముందే ఒక బంధం ఉంటుంది. అవతలివాడు నిస్సహాయ స్థితిలో ఉంటాడు. చేసేవాణ్ణి బలవంతపెట్టే చట్టం ఏదీ ఉండదు, అయినా చేస్తాడు. ఒట్టి జాలి అయితే బంధం అక్కర్లేదు. ఒట్టి బాధ్యత అయితే చేయకపోతే శిక్ష ఉంటుంది. హెసెద్ ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. తెలుగులో "ఉప్పు తిన్న విశ్వాసం" అన్నప్పుడు ఆ "విశ్వాసం" అనే మాటలో ఎంత బరువు ఉందో, హెసెద్‌లో దాదాపు అంత బరువు ఉంది. తేడా ఒక్కటే. ఉప్పు తిన్నవాడే కాదు, ఉప్పు పెట్టినవాడు కూడా హెసెద్ చూపిస్తాడు.

ఈ విషయంలో పండితుల మధ్య పాత వాదం ఒకటుంది. నెల్సన్ గ్లూక్ 1927లో హెసెద్‌ను ప్రధానంగా ఒడంబడిక వల్ల వచ్చే పరస్పర బాధ్యతగా చూశాడు. తర్వాత, 1978లో, కేథరిన్ సేకన్‌ఫెల్డ్ ఇందులో బలవంతం కంటే బలం ఉన్నవాడు స్వేచ్ఛగా చేసే సాయం ముఖ్యమని చూపించింది. నా మట్టుకు రెండో వాదనే కథనాలకు ఎక్కువ సరిపోతుంది. అయితే బంధం అనే అంశాన్ని తీసేస్తే మాత్రం మాట చప్పబడిపోతుంది.

ఇక హసీద్ దగ్గరికి. హీబ్రూ బైబిల్లో ఈ మాట 32 సార్లు వస్తుంది. అందులో 25 కీర్తనల్లోనే. మిగిలిన ఏడు ఇవి: ద్వితీయోపదేశకాండము 33:8, 1 సమూయేలు 2:9, 2 సమూయేలు 22:26, 2 దినవృత్తాంతములు 6:41, సామెతలు 2:8, యిర్మీయా 3:12, మీకా 7:2. అంటే ఇది చట్టంలో వాడే మాట కాదు, పాటలోనూ ప్రార్థనలోనూ వాడే మాట. హన్నా పాటలో ఉంది, మోషే దీవెనలో ఉంది, దేవాలయ ప్రతిష్ఠలో సొలొమోను ప్రార్థన చివర ఉంది.

"కృప పొందినవారు" అన్న అర్థం ఎక్కడి నుంచి వచ్చిందంటే, హసీద్ అనే పదం పోసిన అచ్చు, అంటే మూస, నుంచి. ఇదే అచ్చులో పోసిన "మషీఅహ్" అంటే అభిషేకం పొందినవాడు, "అసీర్" అంటే కట్టబడినవాడు. కాబట్టి హసీద్ కూడా హెసెద్ పొందినవాడే అని కొందరు లెక్క వేశారు. కానీ అదే అచ్చులో "తమీమ్" ఉంది. దానికి నిందలేనివాడు, లోపంలేనివాడు అని అర్థం. అక్కడ పొందడం ఏమీ లేదు, అది అతని గుణం. అచ్చు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం, వాడుక చూడాలి.

వాడుకలో తిరుగులేని సాక్ష్యం రెండు వచనాల్లో ఉంది. యిర్మీయా 3:12లో దేవుడే "నేను హసీద్" అంటాడు. కీర్తన 145:17లో యెహోవా తన క్రియలన్నిటిలో హసీద్ అని ఉంది. దేవుడు ఎవరి దగ్గర కృప పొందుతాడు? ఇక్కడ "హెసెద్ చూపేవాడు" అన్న అర్థం తప్ప ఇంకోటి కుదరదు. తెలుగు అనువాదకులకు ఇక్కడ దారి మూసుకుపోయింది. "దేవుడు భక్తుడు" అని తెలుగులో రాయలేరు కదా. అందుకని "కృపగలవాడు", "కృపచూపువాడు" అన్నారు. అర్థం సరిగ్గానే ఉంది. కానీ మనిషికి వాడిన మాటనే దేవుడు తనకూ వాడుకున్నాడు అన్న సంగతి మాత్రం మనకు అందకుండా పోయింది. "భక్తి" ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్లే మాట. హసీద్ రెండు వైపులా నడిచే మాట.

ఈ రెండు వైపుల నడక ఒకే వాక్యంలో వినాలంటే కీర్తన 18:25 చూడండి. హీబ్రూలో "ఇమ్ హసీద్ తిత్‌హస్సాద్". హసీద్‌తో నువ్వు హసీద్‌లా నడుచుకుంటావు అని. తెలుగులో "దయగలవారియెడల నీవు దయ చూపించుదువు" అని ఉంది. ఇక్కడ అనువాదకులు "భక్తుడు" వదిలి "దయగలవారు" వాడటం చాలా తెలివైన పని, ఎందుకంటే వాక్యంలోని జంట మోత నిలబడింది.

ఎదురు మాటల్ని చూసినా అర్థం తేలుతుంది. మీకా 7:2లో హసీద్ దేశంలో లేకుండా పోయాడంటాడు ప్రవక్త. లేకపోతే ఏమైంది? ప్రతివాడూ రక్తం కోసం పొంచి ఉన్నాడు, తోబుట్టువునే వల వేసి పట్టుకుంటున్నాడు. ప్రార్థనలు తగ్గాయని ప్రవక్త అనలేదు. కీర్తన 12:1లో హసీద్ లేకపోవడం వెంటనే నమ్మదగినవాళ్లు లేకపోవడంతో జత కూడింది. ఆ తర్వాతి వచనం అబద్ధాల గురించి, ఇచ్చకాలాడే పెదవుల గురించి. 43:1లో "హసీద్ కాని జనం" అన్నదాన్ని మన అనువాదం "భక్తిలేని జనము" అంది. అదే వచనం రెండో సగంలో వాళ్లు కపటం, దుర్మార్గం ఉన్నవాళ్లని ఉంది. గుడికి వెళ్లడం వెళ్లకపోవడం కాదు ఇక్కడి గొడవ, మాట మీద నిలబడకపోవడం.

పొందడం అనే నీడ ఎక్కడ కనిపిస్తుందంటే 4:3, 16:10, 50:5 లాంటి చోట్ల. "నా హసీదీమ్" అని దేవుడు అంటున్నప్పుడు, "నీ హసీద్" అని మనిషి తన గురించి చెప్పుకుంటున్నప్పుడు, ఆ స్వాధీనార్థంలో ఆయన పక్షం వాడు, ఆయన కాపుదలలో ఉన్నవాడు అన్న భావం తప్పకుండా ఉంది. 50:5 అయితే బలి ద్వారా ఒడంబడిక చేసుకున్నవాళ్లే నా హసీదీమ్ అని నిర్వచనమే ఇచ్చేస్తుంది.

ఇప్పుడు "పరిశుద్ధులు" గొడవ. పరిశుద్ధుడికి హీబ్రూ మాట కాదోష్, బహువచనం కెదోషీమ్. దాని అర్థం వేరు చేయబడినవాడు, మామూలు వాడుక నుంచి తీసి పక్కన పెట్టబడినవాడు. పాత్ర కాదోష్ కావచ్చు, రోజు కాదోష్ కావచ్చు, స్థలం కాదోష్ కావచ్చు. పాత్ర హసీద్ కాలేదు, ఎందుకంటే పాత్ర ఎవరికీ మేలు తలపెట్టలేదు. ఈ ఒక్క పరీక్ష గుర్తుంటే రెండూ కలగలిసిపోవు.

మరి ఎందుకు కలిసిపోయాయి? ప్రాచీన గ్రీకు అనువాదం హసీద్‌ను చాలావరకు "హోసియోస్" అనీ, కాదోష్‌ను "హగియోస్" అనీ వేరుగానే ఉంచింది. లాటిన్‌కు వచ్చేసరికి రెండూ ఎక్కువగా "సాంక్తుస్" అయిపోయాయి. అక్కడి నుంచి యూరప్ భాషల్లోకి ఒకే మాటగా పాకాయి. తెలుగులో 16వ కీర్తన ఒక్కటి తీసి చూడండి, తికమక మొత్తం అందులోనే ఉంది. 3వ వచనంలో హీబ్రూలో ఉన్నది కెదోషీమ్, తెలుగులో "భక్తులు". 10వ వచనంలో హీబ్రూలో ఉన్నది హసీద్, తెలుగులో "పరిశుద్ధుడు". ఒకే కీర్తనలో రెండు మాటలూ కుర్చీలు మార్చుకున్నాయి. 10వ వచనానికి ఒక కారణం ఊహించవచ్చు. అపొస్తలుల కార్యములు 2:27లో పేతురు ఆ వచనాన్నే ఎత్తి చెబుతాడు, అక్కడ గ్రీకులో హోసియోస్ ఉంది, తెలుగులో "పరిశుద్ధుని" అని ఉంది. రెండు చోట్లా ఒకే మాట ఉండాలనుకోవడం సహజం. కీర్తన 34:9లో కూడా "యెహోవా భక్తులారా" అన్నది కెదోషీమ్‌నే. కాబట్టి తెలుగులో "భక్తులు" కనిపించిన ప్రతిచోటా హసీదీమ్ అనుకోకండి.

కొత్త నిబంధన పత్రికల్లో సంఘాలకు రాసే "పరిశుద్ధులకు" అన్న పలకరింపు హగియోస్ వరుసలోది, అంటే కాదోష్ వంశం. దాన్ని హసీదీమ్‌తో ముడిపెట్టి ప్రసంగం కడితే పునాది జారిపోతుంది.

మీరే సరిచూసుకోవాలంటే పని ఇలా చేయండి. స్ట్రాంగ్ సంఖ్యలు (బైబిల్లోని ప్రతి మూలభాషా పదానికి ఇచ్చిన వరుస సంఖ్యలు) చూపించే బైబిల్ యాప్ ఏదైనా తీసుకోండి. హసీద్ సంఖ్య 2623, హెసెద్ 2617, కాదోష్ 6918, నీతిమంతుడికి వాడే సద్దీక్ 6662. తెలుగు వచనం పక్కన హీబ్రూ పాఠం తెరిచి సంఖ్య చూడండి. మూడు చోట్ల జారే ప్రమాదం ఉంది. మొదటిది వచన సంఖ్య. హీబ్రూలో కీర్తన శీర్షికను కూడా వచనంగా లెక్కిస్తారు. అందువల్ల మన 4:3 అక్కడ 4:4, మన 18:25 అక్కడ 18:26. 52వ కీర్తనలో తేడా రెండు, మన 52:9 అక్కడ 52:11. శీర్షిక లేని కీర్తనలో, లేదా 16వ కీర్తనలాగా శీర్షిక మొదటి వచనంలోనే కలిసి ఉన్న చోట తేడా రాదు. రెండోది 2620 సంఖ్య. అది "హాసా", ఆశ్రయం తీసుకోవడం. చూపుకి దగ్గరగా ఉంటుంది కానీ చివరి అక్షరం దాలెత్ కాదు, ధాతువు వేరు. మూడోది 16:10లో వచ్చే రాత, చదువు తేడా. అక్కడ రాసిన అక్షరాలు "నీ హసీదులను" అని బహువచనంలా ఉన్నాయి, సంప్రదాయంగా చదివేది "నీ హసీద్‌ను" అని ఏకవచనం. రెండు యాప్‌లలో రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి.

బైబిల్ తర్వాత ఈ మాట ప్రయాణం చాలా ఆసక్తిగా ఉంటుంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో నాలుగో అంతియొకస్ అనే గ్రీకు వంశపు రాజు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి ధర్మశాస్త్రాన్ని నిషేధించినప్పుడు, మత్తతీయ అనే యూదు యాజకుడి తిరుగుబాటులో చేరిన ఒక గుంపును గ్రీకులో "అసిదాయోయి" అన్నారు. అది హసీదీమ్‌కు గ్రీకు రూపమే. కతోలిక బైబిల్లో ఉన్న మక్కబీయుల మొదటి గ్రంథం (2:42) వాళ్లను ధర్మశాస్త్రం కోసం తమను తాము అర్పించుకున్న బలశాలులని వర్ణిస్తుంది. అంటే కళ్లు మూసుకుని కూర్చున్న సాధువులు కాదు, కత్తి పట్టినవాళ్లు. అదే గ్రంథం 7వ అధ్యాయంలో ఆల్కిము అనే యాజకుడి మాట నమ్మి సంధికి వెళితే, అతను వాళ్లలో 60 మందిని ఒక్క రోజులో చంపించాడు. అక్కడ రచయిత ఎత్తి చూపించేది 79వ కీర్తనలోని మాటల్నే. ఆ కీర్తన 2వ వచనంలో "నీ భక్తుల" అన్న చోట హీబ్రూలో ఉన్నది "హసీదేఖా", నీ హసీదులు. కీర్తనలోని మాట అప్పటికే ఒక గుంపు పేరుగా మారుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది.

యూదు రబ్బీల కాలంలో అర్థం ఇంకో మెట్టు ఎక్కింది. నీతిమంతుడు, అంటే సద్దీక్, చట్టం అడిగినంత చేస్తాడు. హసీద్ చట్టం గీత దాటి లోపలికి వచ్చి చేస్తాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో (రబ్బీల నోటి బోధల సంకలనం), అవోత్ అనే భాగం 5వ అధ్యాయంలో దీని లెక్క ఉంది. నాది నాదే, నీది నీదే అనేవాడు మధ్యరకం. నాది నీది, నీది నాది అనేవాడు తెలివిలేనివాడు. నీది నాది, నాదీ నాదే అనేవాడు దుర్మార్గుడు. నాది నీది, నీది కూడా నీదే అనేవాడు హసీద్. మొదటి రకాన్ని కొందరు సొదొమ వాళ్ల గుణం అన్నారని కూడా అక్కడే ఉంది. ఎవరి సొమ్ము వాళ్లది అనడం మనకు న్యాయంగానే వినిపిస్తుంది, హెసెద్ కొలతతో చూస్తే ఆ గోడే సొదొమ అయింది.

మిష్నా మీద రబ్బీల చర్చలన్నీ కూర్చిన తల్మూద్‌లోని రెండు చిన్న ఉదాహరణలు ఈ మాటను పొలంలోకి, ఇంట్లోకి తీసుకొస్తాయి. పూర్వకాలపు హసీదులు తమ ముళ్లను, పగిలిన గాజు పెంకుల్ని సొంత పొలంలోనే మూడు బెత్తెల లోతున పాతిపెట్టేవారట, నాగలికి కూడా తగలకుండా. బెత్తెడు సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్లు అనుకుంటే అడుగుకు కాస్త తక్కువ లోతు. ఇంకోటి గోళ్ల గురించి. గర్భిణి తొక్కితే గర్భానికి హాని అని అప్పటి నమ్మకం. కత్తిరించిన గోళ్లను పారేసేవాడు దుర్మార్గుడు, పాతేవాడు సద్దీక్, కాల్చేవాడు హసీద్. పాతినవి మళ్లీ పైకి రావచ్చు కదా. ముళ్ల ఉదాహరణ ఉన్న చోటే రబ్బీ యెహూదా మాట ఉంది, హసీద్ కావాలనుకునేవాడు నష్టపరిహార చట్టాలను జాగ్రత్తగా పాటించాలి అని. ప్రార్థన నియమాలు అని చెప్పినవాళ్లూ అక్కడే ఉన్నారు. నాకు మాత్రం మొదటిదే ఈ పదం నాడి తెలిసిన జవాబుగా కనిపిస్తుంది.

ప్రార్థన వైపు ఉన్నది కూడా చెప్పాలి. పూర్వపు హసీదులు ప్రార్థనకు ముందు ఒక "షాఆ" ఆగి మనసు నిలుపుకునేవారని మిష్నా (బెరఖోత్ 5:1) అంటుంది. ఈ మాటను ఇప్పటి 60 నిమిషాల గంటగా అక్షరాలా తీసుకోనక్కర్లేదు, మిష్నా భాషలో అది "కొంతసేపు" అని కూడా. తర్వాతి తల్మూద్ మాత్రం దాన్ని గంటగానే లెక్కగట్టి, ముందు ఒకటి, ప్రార్థన ఒకటి, తర్వాత ఒకటి, రోజుకు మూడుసార్లు, మొత్తం తొమ్మిది అని చెప్పి, మరి వాళ్ల చదువు ఎలా నిలిచింది, పని ఎలా సాగింది అని ప్రశ్నిస్తుంది.

హద్దు తప్పిన భక్తికి కూడా ఇక్కడ పేరు ఉంది, "హసీద్ షోతె", అంటే బుద్ధిలేని హసీద్. తల్మూద్ ఇచ్చే ఉదాహరణ: ఏట్లో స్త్రీ మునిగిపోతుంటే, పరస్త్రీని చూడకూడదు కాబట్టి తీయను అనేవాడు. హెసెద్ లేని హసీద్ అంటే ఇదే.

మధ్యయుగంలో మైమొనీదెస్ అనే యూదు తత్వవేత్త దీనికి తాత్విక నిర్వచనం ఇచ్చాడు. హెసెద్ అంటే ఏ విషయంలోనైనా కొలత మించి పొర్లడం, రుణపడి లేనివాడికి మేలు చేయడం, లేదా రుణం కంటే ఎక్కువ చేయడం. గుణాల్లో మధ్యేమార్గం పట్టేవాడు జ్ఞాని, మధ్యను దాటి వినయం వైపు మరికొంత వంగేవాడు హసీద్. దాదాపు అదే కాలంలో జర్మనీలో రైన్ నది ఊళ్లలో హసీదే అష్కెనాజ్ అనే కఠోర నియమాల గుంపు ఉండేది. దాని పెద్ద యెహూదా హె-హసీద్ 1217లో రేగెన్స్‌బర్గ్‌లో చనిపోయాడు. నల్లకోటు హసీదులకు వీళ్లు నేరుగా పూర్వీకులు కారు, పేరు మాత్రమే ఒకటి.

మీరు ఫొటోల్లో చూసిన హసీదులు ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న పొదోలియా ప్రాంతం నుంచి మొదలయ్యారు. మెద్జిబిజ్‌లో ఉన్న ఇస్రాయేల్ బెన్ ఎలియేజర్ (సుమారు 1700 నుంచి 1760) ఆ ఉద్యమానికి మూలపురుషుడు. బాల్ షెమ్ తోవ్ అన్నది ఆయన బిరుదు. చదువు లేని యూదుడు కూడా ఆనందంతో, పాటతో, మనసు లగ్నం చేసి దేవుణ్ణి అంటిపెట్టుకోగలడన్నది వాళ్ల బోధ. 1772లో విల్నా (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) యూదు పెద్దలు వాళ్లను వెలివేశారు. ఆ వ్యతిరేకతకు నాయకుడైన ఎలియా అనే మహాపండితుణ్ణి, అంటే విల్నా గావోన్‌ను, యూదులు ఇప్పటికీ "గావోన్ హె-హసీద్" అని గౌరవంగా పిలుస్తారు. హసీద్ అనే మాట ఎవరి సొత్తూ కాలేదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కొత్త వాడుకలో ఒక తారుమారు జరిగింది. రబ్బీల లెక్కలో హసీద్ సద్దీక్ కంటే పై మెట్టు. ఈ ఉద్యమంలో గురువును సద్దీక్ అన్నారు, శిష్యులు హసీదులయ్యారు. ఇవాళ ఒకరు హసీద్ అని తెలిస్తే వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరి హసీద్?" అనే. బెల్జ్, గూర్, సత్మార్, హబాద్, బ్రెస్లోవ్, ఇలా ఏదో ఒక గురుపరంపర పేరు చెప్పాలి. కీర్తనల్లో "నీ హసీద్" అన్నప్పుడు ఉన్న బంధపు వాసన ఇక్కడ మళ్లీ వచ్చింది, గురువు వైపు తిరిగి. ఒక జాగ్రత్త: నల్లకోటు వేసినవాళ్లందరూ హసీదులు కారు. లిథువేనియా సంప్రదాయం పాటించే యూదులూ నల్లకోటే వేస్తారు. ష్ట్రైమెల్ అనే బొచ్చుటోపీ పెళ్లయిన హసీదు పురుషులు విశ్రాంతి దినాన, పండుగల్లో పెట్టుకునేది. హబాద్ వాళ్లయితే దాన్ని పెట్టుకోరు, మామూలు అంచు టోపీ పెడతారు.

ఈ మాట యూదుల గడప దాటిన సందర్భం కూడా ఒకటుంది. నాజీల కాలంలో ప్రాణాలకు తెగించి యూదుల్ని దాచిన యూదేతరులకు యెరూషలేములోని యాద్ వషెమ్ అనే స్మారక సంస్థ ఇచ్చే బిరుదు హీబ్రూలో "హసీదే ఉమ్మోత్ హా-ఓలామ్", లోకజనాల్లోని హసీదులు. వేరే భాషల్లో దాన్ని "నీతిమంతులు" అని అనువదిస్తారు. హీబ్రూలో ఎంచుకున్నది సద్దీక్ కాదు, హసీద్. ఆ మనుషుల్ని ఏ చట్టమూ అడగలేదు, పైగా చట్టం చంపుతానంది. రాహాబు వేగులవాళ్లను దాచిన కథకూ దీనికీ మధ్య ఎంత దూరం ఉందో మీరే చూడండి.

పక్షి సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నిఘంటువులో 2624 కనబడి అడుగుతారు. హసీదా, అంటే హసీద్‌కు స్త్రీలింగ రూపం, మన బైబిల్లో "సంకుబుడి కొంగ". తోటి పక్షులకు తిండి పెట్టి హెసెద్ చూపుతుంది కాబట్టి ఆ పేరు అని తల్మూద్, మధ్యయుగపు వ్యాఖ్యాత రాషీ వ్యాఖ్య చెబుతాయి. అయినా అది తినకూడని పక్షుల జాబితాలో ఉంది (లేవీయకాండము 11:19). దానికి హసీదు గురువులు చెప్పే కారణం, అది తన జాతి వాటికే మేలు చేస్తుంది, బయటివాటికి చేయదు అని.

చివరగా, మన ఊళ్లలో ఎక్కువగా వాడే వచనం ఒకటుంది, కీర్తన 116:15. "యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది." సంతాప పత్రికల మీద, సమాధి రాళ్ల మీద చూస్తుంటాం. "భక్తులు" ఇక్కడ హసీదులే. "విలువ గలది" అన్న చోట ఉన్న మాట "యాకార్", ఖరీదైనది, బరువైనది. భక్తుడి చావు దేవుడికి ఇష్టం అని దీన్ని వివరించేవాళ్లున్నారు. కీర్తన మొత్తం చదివితే అది నిలబడదు. 3వ వచనంలో కవిని మరణబంధాలు చుట్టుకున్నాయి, 8వ వచనంలో దేవుడు అతని ప్రాణాన్ని చావు నుంచి తప్పించాడు, 16వ వచనంలో కట్లు విప్పాడు. బతికి బయటపడ్డవాడు పాడుతున్న పాట ఇది. 72:14లో పేదల రక్తం రాజు దృష్టికి విలువైనది అన్నప్పుడు ఉన్నదీ ఇదే ధాతువు, అంటే వాళ్ల రక్తాన్ని అతను చవకగా పోనివ్వడని. హసీద్ అంటే బంధంలో ఉన్న మనిషి అని తెలిశాక 116:15 ఇలా వినిపిస్తుంది: తనవాడి చావు ఆయనకు చాలా ఖరీదు, ఊరికే పోనివ్వడు. సమాధి రాయి మీద రాయడానికి ఈ అర్థం కూడా సరిపోతుంది, ఆసుపత్రి మంచం పక్కన చదవడానికి ఇంకా బాగా సరిపోతుంది.